మూడో వద్దు దాకా

జానకి "వద్దండీ" అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో నిర్ధారించే శాసనాలేవీ ఇంతవరకు బయటపడలేదు. దొరికిన ఆధారాల్లో మొదటిది పెళ్ళిచూపుల నాటిది. రేపల్లెలో, పుట్టింటి ముందుగదిలో, కాబోయే అత్తగారు "ఓ పాట పాడమ్మా" అని అడిగితే "నాకు రాదండీ" అంది. రెండోసారి అడిగితే "గొంతు బాగాలేదండీ" అంది. మూడోసారి అడిగితే శ్రుతి చూసుకుని, పల్లవీ అనుపల్లవీ చరణమూ పూర్తిగా పాడి, ఆ ఊపులో ఇంకో పాట కూడా ఎత్తుకుంది. అత్తగారు పరమానందపడ్డారు. పాటకి కాదు, పిల్లకి పద్ధతి తెలుసని.

ఆ పద్ధతిని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గాని, రాసిపెట్టిన చట్టాలకన్నా చక్కగా అమలవుతూ వచ్చింది. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు, మొదటిది మాటవరసకి అనలేదని చూపించుకోవడానికి. మూడో వద్దు దగ్గర విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి, అయితే గరిటె దూరేంత సందు వదలాలి. అవతలివాళ్ళు ఆ సందు చూసి వడ్డిస్తారు. "అయ్యో, చాలా వేశారండీ" అంటూ తినాలి. కాఫీ నుంచి కాశీయాత్ర దాకా జానకి ఏ విషయంలోనూ ఈ క్రమం తప్పలేదు.

పెళ్ళయి, భర్త వెంకటసుబ్బయ్య ఉద్యోగం కోసం ఢిల్లీ వచ్చి, కొన్నాళ్ళకి ఆ పక్కనే వైశాలిలో మెట్రో స్టేషనుకి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఫ్లాటు కొనుక్కున్నాక ఈ సంప్రదాయం ఏమైపోతుందోనని భయపడవలసిన అవసరం రాలేదు. ఎదురింటి పంజాబీ ఆవిడ "అరే లో నా జీ" అంటూ నాలుగోసారి కూడా అడిగే రకం. ఈ ఒక్క విషయంలో ఉత్తరానికీ దక్షిణానికీ తేడా లేదని జానకి గ్రహించింది. అక్కణ్ణుంచి, లోకమంతా ఇంతేనని తేల్చుకోవడానికి ఆమెకి ఎంతో సేపు పట్టలేదు.

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి చదువు చెప్పే చిన్న సంస్థ ఒకటి వాళ్ళ ఫ్లాట్ల సొసైటీలోనే ఉంది. సొసైటీ బేస్‌మెంటులో, కరెంటు మీటర్ల గది పక్కన, మధ్యాహ్నం గిన్నెల పనికీ సాయంత్రం గిన్నెల పనికీ మధ్య తరగతి జరుగుతుంది. చెప్పేది జానకి. సంస్థ కార్యదర్శి లక్ష్మీపతిగారు, ఏదో మంత్రిత్వశాఖలో పనిచేసి రిటైరైన తాడేపల్లిగూడెం మనిషి. ఏటా వార్షికోత్సవంలో నివేదిక చదివేది ఆయనే. "ఈ సంవత్సరము మహిళలకు అక్షరజ్ఞానము కల్పించబడినది" అని చదువుతారు. కల్పించినదెవరో ఆ వాక్యంలో ఎక్కడా ఉండదు. చదివాక ఆయన మైకు ముందునుంచే జానకి వైపు తిరిగి "రెండు ముక్కలు మాట్లాడండి" అంటారు. ఆమె "వద్దండీ" అంటుంది. వెనక సమోసాల వాసన వస్తూ ఉంటుంది కాబట్టి రెండోసారి అడిగే వ్యవధి ఉండదు. ఏళ్ళ తరబడి జానకి ఆ రెండు ముక్కలూ లోపలే దాచుకుని ఇంటికి వస్తోంది.

ఆ రెండు ముక్కలూ కమలేశ్ గురించి.

కమలేశ్ బులంద్‌శహర్ వైపు నుంచి వచ్చిన మనిషి. జానకి ఇంట్లోనూ ఇంకొన్ని ఫ్లాట్లలోనూ పని చేస్తుంది. చదువు రాని రోజుల్లో తన ఫోనులో పేర్లకి బదులు బొమ్మలు పెట్టుకుంది. బెంగాలీ మేడం చేప. పాలవాడు ఆవు. ఎప్పుడూ ఇల్లు తాళం పెట్టుకుని పోయే అగర్వాల్ మేడం తాళంకప్ప. రాత్రి కాపలా భయ్యా గుడ్లగూబ. జానకి వంకాయ.

వంకాయ వెనక చరిత్ర ఉంది. తరగతి మొదలైన రోజున జానకి అందరికీ గుత్తివంకాయ కూర చేసి పట్టుకెళ్ళింది. తక్కినవాళ్ళంతా పెట్టగానే తినేశారు. కమలేశ్ ఒక్కతే "నహీఁ దీదీ" అంది. జానకి మళ్ళీ అడిగింది. మళ్ళీ "నహీఁ" అంది. మూడోసారి చెయ్యి కూడా అడ్డం పెట్టింది. ఈ మనిషికి పద్ధతి తెలుసని జానకి లోలోపల మురిసిపోయి, తక్కినవాళ్ళకన్నా రెండు కాయలు ఎక్కువే వేసింది.

అక్షరాలు వచ్చాక కమలేశ్ బొమ్మలన్నీ తీసేసి కూడబలుక్కుంటూ పేర్లు రాసుకుంది. ఒక్క వంకాయని మాత్రం అలాగే ఉంచింది.

"నా పేరు కూడా రాయవే. మూడక్షరాలేగా," అంది జానకి.

"అదలా ఉండనివ్వండి దీదీ. గుర్తుంటుంది," అని కమలేశ్ నవ్వి ఊరుకుంది.

జానకికి ఆ రోజు నిద్ర పట్టలేదు. పలక మీది అక్షరం చెరిగిపోతుంది, నాలుక మీది రుచి చెరగదు, చదువు చెప్పినవాళ్ళు రుచిగా మిగిలిపోవాలి అనే సిద్ధాంతం ఆమెకి స్ఫురించింది. ఇది నలుగురికీ చెప్పదగ్గ మాట అనిపించింది. ఎవరైనా అడిగితే.

*

కూతురు ఇషిత నోయిడాలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులో రాదు. విదేశాల నుంచి వాలంటీర్లని తీసుకునే ఒక డెన్మార్కు బడి సంగతి కనిపెట్టి, తల్లి తరపున దరఖాస్తు పెట్టింది ఇషితే.

"నాకెందుకే, వద్దు," అంది జానకి.

"మమ్మీ, ప్లీజ్. యూ హావ్ టు గో."

"వద్దంటుంటే."

"ఓకే, దట్స్ టూ. వన్ మోర్ బోల్ దో, దెన్ ఐ విల్ సబ్మిట్."

వీడియోలో ఇంటర్వ్యూ చేసినావిడ పేరు బిర్గిట్. ఆ బడికి ప్రిన్సిపాలు. "మీకు రావాలని ఉందా?" అని అడిగింది. జానకి నోరు తెరిచేలోగా లాప్‌టాప్ పక్కనుంచి ఇషిత "యెస్" అంది. ఆ ఒక్క అక్షరమే లేకపోతే ఈ చరిత్ర ఇక్కడితో ముగిసేది.

"అక్కడ నీకేం పని?" అని వెంకటసుబ్బయ్య అడిగాడు.

"వంటింట్లో సాయం చెయ్యాలిట. కూరలు తరగడం, గిన్నెలు కడగడం."

"ఇక్కడ నీ గిన్నెలు కమలేశ్ కడుగుతోంది. నువ్వు డెన్మార్కు వెళ్ళి వాళ్ళవి కడుగుతావా?"

"అది బడండీ. పెద్దవాళ్ళు వచ్చి కొన్ని నెలలు అక్కడే ఉండి చదువుకుంటారుట. పరీక్షలుండవు, మార్కులుండవు, చివర పట్టా కూడా ఇవ్వరుట."

"మరెందుకు చదవడం?"

"చదువుకోడానికిట."

వెంకటసుబ్బయ్య కాసేపు ఆలోచించి టీవీ పెట్టుకున్నాడు.

వాలంటీర్లు ఇష్టపడితే ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి తమకి తెలిసిన విషయం ఏదైనా చెప్పుకోవచ్చు అని వాళ్ళు పంపిన కాగితాల్లో ఉంది. జానకికి తక్కిన కాగితాలేవీ గుర్తు లేవు. ఇంగ్లీషులో ఉపన్యాసం తయారుచేసుకుని, మేడ మీద నీళ్ళ ట్యాంకుల మధ్య ఆరేసిన దుప్పట్లకి వినిపిస్తూ అభ్యాసం చేసింది. మొదటి వాక్యం, "ఇండియాలో ఒక ఫోనులో నేను వంకాయని."

బయల్దేరే రోజు కమలేశ్ పెట్టె లిఫ్టు దాకా తెచ్చి, "అక్కడ మా సంగతి చెప్తారా దీదీ? నిజంగా?" అంది.

"నీ పేరు పెట్టి చెప్తాను," అంది జానకి. ఈ మాటకి ముందు మాత్రం ఒక్క వద్దు కూడా రాలేదు.

*

బంగాళాదుంప పొలాలు దాటితే సముద్రం, సముద్రానికి ఇవతల ఆ బడి. రోజూ పొద్దున్నే అందరూ ఒక హాల్లో చేరి పాటల పుస్తకం తెరిచి కలిసి పాడతారు. పాడమని ఎవరూ ఎవరినీ బతిమాలరు. బతిమాలకుండానే పాడేస్తారు. జానకికి ఇది కొంచెం సిగ్గులేనితనంగా తోచింది.

మొదటిరోజు భోజనాల దగ్గర పక్కనున్న అమ్మాయి ఉడికించిన దుంపల గిన్నె అందిస్తూ "ఇంకొంచెం?" అంది. జానకి "నో నో" అంది. గిన్నె వెళ్ళిపోయింది. జానకి దాని వంకే చూసింది. అది బల్ల చివరిదాకా వెళ్ళి, ఖాళీ అయి, వంటింట్లోకి చేరింది. మర్నాడు చేప ముక్కలూ అలాగే వెళ్ళిపోయాయి. ఆ మర్నాడు ఆపిల్ కేకు వెళ్ళిపోయింది. ఇంటికి ఫోను చేసి సంగతి చెప్పింది.

"ఒక్కసారే అడిగారా?" అన్నాడు వెంకటసుబ్బయ్య.

"ఒక్కసారేనండీ."

"దరిద్రం. పెద్ద దేశం అంటారు, మర్యాదా మన్ననా ఉండక్కర్లా? నువ్వేం చేశావు?"

"గిన్నెలు కడిగేటప్పుడు వంటింట్లో నిలబడి తిన్నాను."

ఆకలి చాలా తొందరగా చదువు చెబుతుంది. వారం తిరిగేసరికి జానకి దుంపల గిన్నె రాగానే చెంచా పట్టుకోవడం నేర్చుకుంది. తిండి విషయంలో డెన్మార్కు గెలిచింది. ఉపన్యాసం విషయంలో మాత్రం యుద్ధం సాగింది.

వాలంటీర్లందరినీ గుండ్రంగా కూర్చోబెట్టిన నాడు బిర్గిట్ ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చింది. పొడుగ్గా, జుట్టు కత్తిరించుకుని, తన కప్పు తనే కడుక్కునే మనిషి. "జానకి, మీరు ఒక సాయంత్రం తీసుకుంటారా?"

ఆమె ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న. ఉపన్యాసం మొదటి వాక్యం నాలుక చివరికి వచ్చి నిలబడింది. "అబ్బే, నో నో మేడం, నాకేం తెలుసు, నేను మామూలు ఇల్లాలిని," అంది, గరిటె దూరేంత సందు వదిలి.

"ఓకే," అంది బిర్గిట్.

పక్కన మాటియాస్ అని ఇరవై ఏళ్ళవాడు కూర్చున్నాడు. బిర్గిట్ అతణ్ణి అడిగింది. "యెస్," అన్నాడు. "దేని గురించి?" అంటే, "ఇంకా తెలియదు," అన్నాడు. అతనికి సాయంత్రం దొరికింది. తాళ్ళతో ముళ్ళు వెయ్యడం గురించి చెప్పాడు. సగం ముళ్ళు ఊడిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. జానకి కూడా కొట్టింది, కొంచెం గట్టిగానే.

తరవాతి నెలలు జానకి రెండోసారి కోసం ఎదురుచూసింది. ఎదురుచూడటంలో ఆమె చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఒకనాడు భోజనానికి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. చీర బాగుందన్నారు. ఒకనాడు బిర్గిట్ వినేలా, "మా వైశాలిలో కూడా కథలుంటాయి, చెప్పాలంటే చాలా ఉన్నాయి, అయినా నేనెక్కడ చెప్పగలను," అంది. బిర్గిట్ తల ఊపి, "మీ హద్దు మీకు తెలుసు. అది చాలా గొప్ప విషయం," అంది. ఆ మెచ్చుకోలు విన్నాక జానకి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళింది. కళ్ళనీళ్ళకి కారణం ఎవరూ అడగలేదు. అక్కడ అలాంటివి కూడా అడగరు.

వైశాలి నుంచి కమలేశ్ మాత్రం అడుగుతూనే ఉంది. ఇప్పుడు రాయడం వచ్చింది కాబట్టి ఫోనులో హిందీ అక్షరాల్లో, ఒత్తులు అటూ ఇటూ అయినా, రాసి పంపేది. "దీదీ, బతాయా?" చెప్పారా అని. జానకి "ఇంకా లేదు" అని రాసేది. కొన్నాళ్ళకి మళ్ళీ, "బతాయా?" మళ్ళీ, "వచ్చేవారం." తనని పదేపదే అడిగే మనిషి ఈ భూమ్మీద ఒకతే మిగిలిందనీ, ఆమె చేతిలో ఈ బడి లేదనీ జానకి అనుకుంది.

చివరిరోజు బిర్గిట్ తనే కారు నడిపి రైల్వే స్టేషనుకి దిగబెట్టడానికి బయల్దేరింది. దారంతా చలి, పొగమంచు. ఢిల్లీలో అయితే దాన్ని పొగమంచు అనరు, గాలి నాణ్యత అంటారు. స్టేషను కనపడుతుండగా జానకి ఉండబట్టలేక అనేసింది.

"మీరు నన్ను ఒక్కసారే అడిగారు."

"దేని గురించి?"

"సాయంత్రం గురించి."

బిర్గిట్ కారు పక్కకి ఆపింది. "మీరు నో అన్నారు కదా."

"అది మొదటి నో."

"మొదటిదా? ఎన్ని ఉంటాయి?"

"మూడు."

బిర్గిట్ ఈ సంగతిని ఎంతో శ్రద్ధగా విన్నది. అక్కడివాళ్ళు దేన్నయినా అంత శ్రద్ధగానే వింటారు. "మళ్ళీ అడగడమంటే మాకు ఒకళ్ళ ఇంట్లోకి తోసుకుని వెళ్ళినట్టు. అందుకే అడగలేదు. నాకు వినాలనే ఉండింది," అంది. "మరి ఎవరైనా నిజంగానే వద్దనుకుంటే? అప్పుడెలా తెలుస్తుంది?" అని అడిగింది.

జానకి ఆలోచించింది. నిజంగా వద్దనుకునే మనిషి తనకి ఎక్కడా తారసపడలేదు.

"అలాంటివాళ్ళు మాలో లేరు," అంది.

రైలు సమయానికి వచ్చింది.

*

ఇంటికి వచ్చిన మర్నాడు కమలేశ్ చీపురు పట్టుకునే అడిగింది. "చెప్పారా దీదీ? ఏమన్నారు? నవ్వారా?"

"వీలు పడలేదే," అంది జానకి.

"అచ్ఛా," అని కమలేశ్ మంచం కిందకి వంగింది. ఆ మంచం కింద అంతసేపు ఊడవవలసిన దుమ్మేమీ లేదు.

ఆ సాయంత్రం జానకి భర్తతో అంది. "వాళ్ళు అడిగితే నేనెందుకు వద్దన్నానండీ?"

"అడగ్గానే సరే అంటే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు.

విదేశాలకి వెళ్ళివచ్చినందుకు లక్ష్మీపతిగారు కమ్యూనిటీ హాల్లో జానకికి సన్మానం పెట్టారు. దీపం వెలిగించారు. శాలువా కప్పారు. నివేదిక చదివారు. "డెన్మార్కు దేశమునందు మన సంస్థ కీర్తి చాటబడినది" అన్నారు. వెనక వరసల్లో బేస్‌మెంటు తరగతి ఆడవాళ్ళంతా పనులు ముగించుకుని వచ్చి కూర్చున్నారు. కమలేశ్ గోడవార కుర్చీలో, ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. సమోసాలు వచ్చేశాయి.

"ఇప్పుడు జానకిగారిని రెండు ముక్కలు మాట్లాడవలసిందిగా కోరుతున్నాను," అన్నారు లక్ష్మీపతిగారు. అంటూనే వందన సమర్పణ చేయవలసినాయనకి రమ్మని చెయ్యి ఊపారు. ఆయన లేచి రెండడుగులు వేశాడు కూడా.

"సరేనండీ," అంది జానకి.

మొదటి వరసలో వెంకటసుబ్బయ్య, ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు సగం లేచి నిలబడ్డాడు. వందన సమర్పణాయన నడిదారిలో ఆగిపోయాడు. లక్ష్మీపతిగారు మైకు వెంటనే వదల్లేదు.

"మాట్లాడతారా?"

"మాట్లాడతాను. మీరు అడిగారుగా."

"అంటే... అవుననుకోండి. అడిగాను," అని ఆయన పక్కకి జరిగారు.

జానకి హిందీలో మాట్లాడింది, వెనక వరసలకి అర్థమయ్యేలా. ఒక ఫోనులో నేను వంకాయని అంది. నవ్వులు లేచాయి. చేప గురించీ తాళంకప్ప గురించీ చెప్పింది. బెంగాలీ మేడం హాల్లోనే ఉంది, ఆవిడే అందరికన్నా ఎక్కువ నవ్వింది. అక్షరాలు వచ్చాక బొమ్మలన్నీ పోయినా ఒక్క బొమ్మ ఎందుకు మిగిలిందో చెప్పింది. పలక మీది అక్షరం, నాలుక మీది రుచి, ఆ సిద్ధాంతం మొత్తం చెప్పింది. మొదటి రోజున మూడుసార్లు వద్దని కూడా తృప్తిగా తిన్న మనిషి ఈ హాల్లోనే ఉందని, పేరు కమలేశ్ అని, అందరూ తిరిగి చూసేలా చెయ్యెత్తి చూపించింది. నీళ్ళ ట్యాంకుల మధ్య పుట్టి, డెన్మార్కు దాకా వెళ్ళి, విప్పని పెట్టెలా తిరిగొచ్చిన ఉపన్యాసం అలా పూర్తయింది.

చప్పట్లు బాగా పడ్డాయి. లక్ష్మీపతిగారు నిజంగా కదిలిపోయారు. "ఇంకొంచెం మాట్లాడండి జానకిగారూ," అన్నారు.

"వద్దండీ."

"అలాక్కాదు, ఇంకొక్క రెండు ముక్కలు."

"వద్దండీ, అయిపోయింది."

"మా కోసం. డెన్మార్కు గురించి."

మూడోసారి. ఇన్నేళ్ళకి ఆమెని ఒక మనిషి మైకు ముందు మూడోసారి అడిగాడు. జానకి లోపల వెతుక్కుంది. ఇంకేమీ లేదు. "నిజంగానే అయిపోయిందండీ," అని వచ్చి కూర్చుంది.

ఉత్సాహం ఇంకా తగ్గని లక్ష్మీపతిగారు వెనక్కి చూసి, "కమలేశ్‌జీ, ఆప్ భీ దో శబ్ద్," అని ఆమెనీ రెండు ముక్కలు అడిగారు.

కమలేశ్ ఫోను పక్కామెకిచ్చి లేచింది. ఎవరినీ రెండోసారి అడగనివ్వలేదు. మైకు దగ్గరికి వచ్చి, కొంగు సర్దుకుని, జానకి వైపు ఎంతో అభిమానంగా చూసింది.

"దీదీ చెప్పిందంతా నిజం. చదువు చెప్పింది, నాకు వచ్చింది. ఒక్కటే మాట. ఆ రోజు నేను వద్దన్నాను. మూడుసార్లు అన్నాను. దీదీ వేసేసింది. అందుకే ఫోనులో ఆ బొమ్మ ఉంచుకున్నాను, దీదీ పిలిచి తినమంటే జాగ్రత్తగా ఉండాలని."

కమలేశ్ వంకాయ తినదు. తింటే ఆమెకి నోరు దురద పెడుతుంది.